రాయితీ ఇచ్చారు సరే, ఫలితం కొలిచిందెవరు?

కొత్త ఎరువు వాడి చూడమంటే మనం పొలమంతా చల్లము. ఒక మడికి వేసి, పక్క మడిని వదిలేస్తాం. కోతలయ్యాక రెండింటి దిగుబడీ తూకం వేస్తాం. పెరిగిన దిగుబడి ఎరువు వల్లనా, ఆ ఏడు వానలు బాగా పడినందువల్లనా అన్నది అప్పుడే తేలుతుంది. అక్షరం రాని రైతుకు కూడా తెలిసిన ఈ పద్ధతి, పెట్టుబడుల పేరుతో వేల కోట్ల పన్ను వదులుకుంటున్న ప్రభుత్వానికి ఎందుకు పట్టదని అడుగుతున్నాము.

పన్ను రాయితీల వల్ల ఖజానాకు ఎంత రాబడి తగ్గిందో చెప్పే పట్టికను 2006-07 నుంచి కేంద్ర బడ్జెట్ పత్రాలతో ఇస్తున్నారు. మంచిదే. కానీ అది పోయిన సొమ్ము లెక్క మాత్రమే. దానికి బదులుగా ఎన్ని చిన్న యూనిట్లు లేచాయి, ఎందరికి పని దొరికింది, రైతుకు క్వింటాలుకు ఎంత అదనంగా వచ్చింది అన్నది ఆ పట్టికలో కనిపించదు.

శీతల గిడ్డంగుల సంగతి చూడండి. 2009 ఏప్రిల్ నుంచి మొదలైన కోల్డ్ చైన్ వ్యాపారాలకు, భూమి ధర పోను మిగతా పెట్టుబడి మొత్తాన్ని ఆదాయంలోంచి మినహాయించుకునే వీలు 35ఏడీ సెక్షన్ కల్పించింది. 2012లో దాన్ని 150 శాతానికి పెంచి, 2017లో మళ్లీ 100 శాతానికి దించారు. అయితే బస్తా అద్దె తగ్గించాలన్న షరతు ఆ సెక్షన్‌లో లేదు. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ రాయితీ లేకున్నా గిడ్డంగి కట్టేవారు ఉంటారు. టమాటా ధర పడి రోడ్డు మీద పారబోసే చోట కట్టించగలిగితేనే రాయితీ పని చేసినట్టు.

2019 సెప్టెంబరులో కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి, కొత్త తయారీ కంపెనీలకు 15 శాతానికి తగ్గించారు. ఏటా రూ.1.45 లక్షల కోట్ల రాబడి పోతుందని సర్కారే చెప్పింది. మన ఊళ్లలో చిన్న మిల్లులు, గానుగలు ఎక్కువగా సొంత పేరు మీదో, భాగస్వామ్యంగానో నడుస్తాయి. ఈ తగ్గింపు వాటికి వర్తించలేదు. భాగస్వామ్య సంస్థ 30 శాతమే కట్టాలి.

రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకూ 2018 బడ్జెట్‌లో మినహాయింపు ఇచ్చారు. టర్నోవరు రూ.100 కోట్ల లోపుంటే ఐదేళ్లపాటు లాభం మీద పన్ను ఉండదన్నారు. లాభమే రాని సంఘానికి ఇది ఎండిన బావికి మోటారు బిగించినట్టే. వాటికి ముందుగా కావలసింది తక్కువ వడ్డీకి చేతి పెట్టుబడి, సరుకు నిల్వకు గోదాము.

మేము రాయితీలకు వ్యతిరేకం కాదు. లెక్క చెప్పని రాయితీలకు వ్యతిరేకం. ఉపాధి హామీలో కూలీ చేసిన పనిదినాలను గ్రామసభలో సామాజిక తనిఖీ పేరుతో చదివి వినిపిస్తున్నారు. కోట్ల పన్ను మినహాయింపు పొందినవారి లెక్క మాత్రం ఎందుకు వినిపించరు?

ప్రతి రాయితీకీ గడువు ఉండాలి. దాని ఫలితాన్ని జిల్లాల వారీగా, రాయితీ అందిన చోటును అందని చోటుతో పోల్చి ప్రకటించాలి. రైతుకు దక్కిన ధరనూ ఆ లెక్కలో చేర్చాలి. ఫలితం లేదని తేలితే ఆ సొమ్మును గోదాములకు, రుణాలకు మళ్లించాలి. మండల కమిటీలు తమ పరిధిలోని గిడ్డంగుల అద్దెలు, మిల్లుల కొనుగోలు ధరలు రాసి పెట్టాలి. ప్రభుత్వం కొలవకపోతే మనమే కొలుద్దాం. మన చేతిలో లెక్క ఉంటేనే మన అడుగుడుకు బలం.