నోరులేని అమానత్

ప్రయాణానికి ముందు మనం అప్పులు తీర్చుకుంటాము. బంధువులను, ఇరుగుపొరుగువారిని కలిసి క్షమాపణ కోరుకుంటాము. ఇంటి తాళం ఎవరి చేతికివ్వాలో రెండుసార్లు ఆలోచిస్తాము. కాని ఇంట్లో ఒక పిల్లి ఉన్నట్లయితే, దాని సంగతి మాత్రం చివరి నిమిషం దాకా వాయిదా పడుతూనే ఉంటుంది. ఈ పొరపాటు మా ఇంట్లోనే జరిగింది కనుక పాఠకులతో పంచుకుంటున్నాము.

రెండేళ్ల క్రితం పదిహేను రోజుల ఉమ్రా యాత్రకు బయలుదేరుతూ మా పిల్లిని ఎదురింటి ఖాలాకు అప్పగించాము. సామాను ఆటోలో పెడుతూ, "రెండు పూటలా కాస్త తిండి పెట్టి నీళ్లు పోయండి ఖాలా" అన్నాము. అంతకు మించి ఏమీ చెప్పలేదు. ఆమె మాట తప్పకుండా రెండు పూటలా వచ్చి గిన్నె నింపారు. పిల్లి మాత్రం మంచం కింది నుండి బయటకు రాలేదు. గిన్నెలోని తిండి ఎలా పెట్టింది అలాగే ఉండిపోయింది. ఆమెకు భయం వేసింది. అయినా, హరమ్‌లో ఆరాధనలో ఉన్నవారిని పిల్లి కోసం కలవరపెట్టడమా అని ఫోను చేయలేదు.

అయిదవ రోజున క్షేమసమాచారాలు అడగటానికి మేమే ఫోను చేస్తే విషయం బయటపడింది. ఖాలా కుమారుడు వెంటనే పిల్లిని పశువైద్యుని వద్దకు తీసుకుపోయాడు. కాలేయం దెబ్బతిన్నదని ఆయన చెప్పారు. అల్లాహ్ దయవల్ల అది బ్రతికింది. మేము తిరిగి వచ్చిన రోజున ఖాలా కన్నీళ్లతో క్షమించమని అడిగారు. మేము సిగ్గుతో తల దించుకున్నాము. క్షమాపణ అడగవలసినది ఆమె కాదు, మేము.

పిల్లిని బంధించి, తానూ తిండి పెట్టక, అది స్వయంగా వెతుక్కుని తినేందుకూ విడిచిపెట్టక చావుకు కారణమైన స్త్రీ నరకశిక్షకు గురైన సంగతిని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తెలియజేశారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉల్లేఖనం ఉన్నది. మనం ఎవరినో ఒకరిని ఏర్పాటు చేసే వెళుతున్నాము కదా అని సర్దిచెప్పుకోవచ్చు. కాని తలుపులు మూసిన ఇంట్లో ఉన్న మూగజీవికి, మనం నియమించిన ఆ మనిషే ఏకైక ఆధారం. ఆ మనిషికి సగం చెప్పి వెళ్లడమంటే, అమానత్‌ను సగమే అప్పగించడం.

అందుచేత ప్రయాణానికి వారం రోజుల ముందే ఆ పని మొదలుపెట్టాలి. చూసుకోబోయేవారిని రెండు మూడుసార్లు ఇంటికి పిలిచి, వారి చేతితోనే తిండి పెట్టించాలి. పిల్లి ఎక్కడ దాక్కుంటుందో చూపించాలి. తిండి గిన్నెలో ఎంత మిగిలింది, ఇసుక తొట్టి తడిసిందా లేదా అన్నది రోజూ గమనించమని కోరాలి. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్నదైతే, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఒక రోజంతా ముట్టుకోలేదంటే వైద్యునికి చూపించవలసినదే. మగపిల్లి మూత్రం కోసం ముక్కుతూ చుక్క కూడా విడవలేకపోతే మరుసటి రోజు దాకా కూడా ఆగరాదు.

ఇంటిని కూడా సిద్ధం చేయాలి. కుట్టుమిషను వద్ద సూదులు, దారాలు తీసివేయాలి. దారం మింగితే పేగులకు ప్రమాదం. కిటికీలకు జాలి బిగించాలి. ఫినాయిలు పిల్లికి అందని చోట దాచాలి. జాలితో కుర్మా, బిర్యానీ పెట్టవద్దని ముందే చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తానికి హాని చేస్తాయి. మన జ్వరానికి వాడే పారాసిటమాల్ మాత్ర దానికి విషం. చాలా పిల్లులకు ఆవు పాలు, గేదె పాలు విరేచనాలు కలిగిస్తాయి, మంచినీళ్లు చాలు.

చూసుకునేవారి హక్కును కూడా మరువరాదు. బయలుదేరే ముందే పిల్లికి రేబిస్ టీకా వేయించి ఉండాలి. కరిచినా, రక్కినా పదిహేను నిమిషాలు సబ్బునీటితో కడిగి ఆసుపత్రికి వెళ్లమని చెప్పాలి. గర్భిణిగా ఉన్న సోదరికి ఇసుక తొట్టి శుభ్రం చేసే పని అప్పగించరాదు. పిల్లి మలం ద్వారా సోకే ఒక క్రిమి కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. వైద్యుని ఫోను నంబరు, తిండి కొలత, వైద్య ఖర్చులకు కొంత సొమ్ము ఒక కవరులో పెట్టి ఇవ్వాలి. మొహమాటంతో వారు తమ జేబు నుండి ఖర్చు పెట్టే పరిస్థితి తేరాదు.

అన్నింటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. గత సంవత్సరం మళ్లీ ఊరికి వెళ్లినప్పుడు, మేము ఖాలాకు ఇచ్చిన కాగితంలో మొదటి వాక్యంగా దానినే వ్రాశాము: "ఏ వేళనైనా ఫోను చేయండి, అది మాకు ఇబ్బంది కాదు." ఆమె రెండుసార్లు చేశారు. ఒకసారి, పిల్లి తన ఒడిలో నిద్రపోయిందని చెప్పడానికి.

మనకు అప్పగించిన ప్రాణుల విషయంలోనూ, మనం ఇతరులకు అప్పగించే ప్రాణుల విషయంలోనూ అమానత్‌ను నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.