నడుమునకు పటకా, చేతికి పని

పెద్ద కర్మాగారములను గూర్చియు ఆనకట్టలను గూర్చియు వ్రాయునపుడు పాఠకులు గంభీరముగా చదువుదురు. నడుమునకు చుట్టుకొను పటకాను గూర్చి వ్రాయబూనినచో చిరునవ్వు నవ్వుదురు. అయినను ఒక జాతి పనితనము ఎట్టిదో తెలిసికొనుటకు చిన్న వస్తువే నమ్మదగిన సాక్షి. ఆనకట్టలోని లోపమును ఇంజనీర్లు మాత్రమే కనుగొనగలరు. పటకాలోని లోపము దానిని ధరించిన ప్రతివానికిని తెలియును.

హైదరాబాదు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగరు మొదలుకొని కొత్తపేట మీదుగా ఎల్.బి.నగరు వరకు విజయవాడ రహదారికి ఇరుప్రక్కల బట్టల యంగళ్లు వరుసగా నున్నవి. వాని ముంగిటను, కాలిబాటల మీదను పటకాలు గుత్తులు గుత్తులుగా వ్రేలాడుచుండును. అందు సాగెడు పటకా యొకటి. అనగా లోపల ఎలాస్టికు పట్టీయు, పైన తోలును గలది. గంటలకొలది కూర్చుండి చదువు విద్యార్థికిని, దినమంతయు ఆటో నడుపువానికిని, నెలనెలకు ఎదుగు బాలునికిని, భోజనమునకు ముందొక కొలత, పిదప నొక కొలతగా నుండు మధ్యవయస్కునికిని ఇది సుఖమైన వస్తువే. కాని వీనిలో పెక్కింటికి కొన్న ఋతువు గడచునప్పటికే పైపూత పొరలు పొరలుగా లేచును, ఎలాస్టికు సాగి తిరిగి ముడుచుకొనదు, కుట్లు విడును. దానిని పారవైచి మఱియొకటి కొందుము. మొలత్రాడు సైతము ఏడాది నిలుచు దేశములో పటకా ఆరు మాసములు నిలువకపోవుట సిగ్గుపడదగిన సంగతి కాదా?

ఈ చేటునకు మూడు తప్పులు కారణములు. మొదటిది, తోలనబడునది తోలు కాకుండుట. గుడ్డపై పాలియురిథేను పూత పూసి, దానిమీద తోలువంటి గీతలు ఒత్తుదురు. గాలిలోని తేమకును చెమటకును ఆ పూత క్రమముగా చెడి పొట్టు రాలును. మఱికొన్ని యెడల తోలు కోతలో మిగిలిన తునుకలను పొడిచేసి, జిగురుతో కలిపి, రేకులుగా నొత్తి అమ్ముదురు. అందు తోలున్న మాట నిజమే గాని, తోలునకు బలమిచ్చు పొడవైన నారల యల్లిక అందుండదు. రెండవ తప్పు, ఎలాస్టికును దాని శక్తికి మించి సాగనిచ్చుట. మూడవది, రబ్బరు దారముల మీదుగా సూది నడపుట. సూది తగిలిన దారము లోలోపల తెగును. కుట్టు పైకి అందముగానే యుండును. పట్టీ మాత్రము చచ్చును.

తోలు సాగదు, ఎలాస్టికు సాగును. ఈ రెంటికిని కాపురము కుదుర్చుటయే ఈ పనియందలి విద్య. పైతోలును ఎలాస్టికుకన్న పొడవుగా గొట్టమువలె కుట్టి, మడతలు పడునట్లు దానిపై తొడుగవలెను. ఎలాస్టికు విశ్రాంతిగా నున్నపుడు 20 అంగుళములుండి, సాగినపుడు 26 అంగుళములు కావలెనన్నచో, తోలు గొట్టము 26 అంగుళములే యుండవలెను. పట్టీ సాగినకొలది మడతలు విప్పుకొనును. 26వ అంగుళమున తోలు బిగిసి, ఇక చాలునని ఆపును. పరువెత్తు ఎలాస్టికునకు తోలే కళ్లెము. అతిగా సాగుటయే పట్టీ వదులగుటకు ముఖ్యకారణములలో నొకటి గనుక, ఈ యొక్క కొలత సరిపోయినచో పటకా ఆయువు చాల పెరుగును.

మడతలు పడు భాగమునకు మేకతోలు తగినది. పలుచగా నుండియు గట్టిగా నుండును. గొఱ్ఱెతోలు మెత్తన గాని త్వరగా చిరుగును. బకిలు తగిలించు కొనలకును, రంధ్రములు పొడుచు భాగమునకును ఆవుతోలుగాని బఱ్ఱెతోలుగాని కావలెను. అదియు వెన్నువెంబడి కోసినదై యుండవలెను. కడుపు భాగమునుండి కోసిన తోలు సాగి, గుండ్రని రంధ్రము కోలగా మారును. మడతల తోలు క్రోమియముతో పదునుచేసినదైనచో మెత్తగానుండి వేడిని చెమటను ఓర్చును. కొనల తోలు తంగేడు చెక్క, కరక్కాయ మొదలగువానితో పదునుచేసినదైనచో బిగువు చెడక నిలుచును. ఎలాస్టికులో అల్లినది సాగినపుడు సన్నబడును. నేసినది వెడల్పు చెడదు. కావున నేసినదే మేలు. రబ్బరునకు నూనె, ఎండ, వేడి శత్రువులు. తోలును మెత్తపఱచుటకు పట్టించిన నూనె పట్టీకి అంటకుండ నడుమ నూలుగుడ్డ అస్తరు వేయవలెను. పట్టీ కొనలను గట్టిగుడ్డతో మడిచి అచ్చట మాత్రమే బిగింపవలెను. తక్కిన పొడవంతయు గొట్టములో స్వేచ్ఛగా కదలవలెను. నూలుదారము చెమటకు పుచ్చును గనుక పాలియెస్టరు దారము వాడుట మంచిది. రెండు సూదులతో ఎదురెదురుగా కుట్టు పాత చేతికుట్టులో ఒక దారము తెగినను రెండవది పట్టియుండును.

ఎంత జాగ్రత్తపడినను ఎలాస్టికు తోలుకన్న ముందే ముసలిదగును. కావున ఒక కొనను కుట్టివేయక మరబొత్తముతో బిగించి, పాతపట్టీని తీసి క్రొత్తది ఎక్కించుటకు వీలు కల్పింపవలెను. అట్లు చేసినచో వీధిమూలనున్న చెప్పులు కుట్టువాడే కొద్దిసేపటిలో ఆ పని చేసిపెట్టగలడు. మన్నిక యనగా ఎన్నటికిని చెడకుండుట కాదు; చెడినపుడు బాగుచేయుటకు లొంగుట.

తోలును ఎలాస్టికును జోడించు యోచన పాతదే. 1820లో లండనున థామస్ హేన్కాకు చేతితొడుగులకును పాదరక్షలకును రబ్బరు పట్టీలు అమర్చు పద్ధతికి పేటెంటు పొందెను. 1837లో స్పార్క్స్ హాల్ అను బూట్ల పనివాడు ప్రక్కల సాగెడు బూట్లు చేసి విక్టోరియా రాణికి సమర్పించెను. ఆ రాణి స్మారకముగా నిజాము మహబూబ్ అలీఖాను కాలమున వెలసిన అనాథ బాలాశ్రమము పేరే నేడు కొత్తపేట చెంతనున్న మెట్రో స్టేషనునకు గలదు. నాటి రబ్బరు ఎండకు జిగురై చలికి పెళుసగుచుండెను. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో దానిని కాచి స్థిరపఱచు మార్గము కనుగొనెను. 1958లో డ్యుపాంటు కంపెనీలో జోసెఫ్ షివర్సు స్పాండెక్సు నారను సృష్టించెను. అది రబ్బరుకన్న చెమటను నూనెను బాగుగా ఓర్చును.

ఇదంతయు పరదేశపు నేర్పు, మనవారికి చేతగాదనువారు కపిలబావిని మఱచినవారు. విద్యుత్తు పంపులు రాకమునుపు మన పొలములను తడిపినది ఎడ్లును, తోలును. కపిల బొక్కెనకు దిగువనుండు తోలు తొండము దినమునకు వందలమార్లు నీట మునిగి, బరువుతో లేచి, మడిగి, విప్పుకొనవలసి యుండెను. ఆ తొండమునకు ఏ పశువు తోలు, అందును ఏ భాగము, ఎన్నినాళ్లు లందలో నానినది తగునో మన గ్రామములలోని మాదిగ పనివానికి తెలియును. అతని చేతిలోని రంపెయు ఆరెయు ఏ కళాశాలయు నేర్పని కొలతలు ఎఱుగును. ఎద్దుమెడ పట్టెడ, కాడి వార్లు, కిఱ్ఱుచెప్పులు అతని చేతిపనులే. భూస్వాములైన పాఠకుల యిండ్లలో వీని ననుభవించిన పెద్దలు ఇప్పటికిని ఉందురు. మడిగి విప్పుకొను తోలును ఎఱిగిన ఆ చేయి సాగెడు పటకాను చేయలేదా?

చేయగలదు. కాని ఆ చేతిని మనము ఏ విధముగా గౌరవించితిమి? లందను ఊరివెలుపల నుంచితిమి. లందలో పదునైన చెప్పును మాత్రము కాలికి తొడిగికొంటిమి. పనివానికి చదువు లేకుండ చేసి, చదివినవానికి పని రాకుండ చేసికొంటిమి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముతో అస్పృశ్యతను రద్దుచేసినది. ధర్మశాసనము మారినను, తోలుపనివాని కుమారుడు తండ్రి వృత్తిని చెప్పుకొనుటకు జంకు స్థితి మన మనస్సుల దోషమే. ఆ బాలుడు రంపెను విడిచి గుమాస్తాగిరిని వెదకికొనినచో అతనిని తప్పుపట్టు హక్కు మనకు లేదు. వృత్తికి గౌరవ మియ్యని సంఘము వృత్తి నశించెనని విలపించుట కపటము.

దీనికి తోడు వాణిజ్యము. పరప్రభుత్వ కాలమున దక్షిణదేశపు తోళ్లు సగము పదునుతోనే మదరాసు రేవునుండి ఇంగ్లండునకు పోయి, అచ్చట మెఱుగు పొందుచుండెను; మెఱుగులోని లాభమును అచ్చటివారిదే. 1919లో ముడితోళ్ల ఎగుమతిపై 15 శాతము సుంకము విధించి, బ్రిటిషు సామ్రాజ్యములోనే పదునుచేయువారికి అందు మూడింట రెండువంతులు తిరిగి యిచ్చు ఏర్పాటు చేసిరి. స్వతంత్ర భారతమున 1972లో సీతారామయ్య సంఘము ముడితోళ్లను, సగము పదునైనవానిని పంపుట తగ్గించి, తయారైన వస్తువులను పంపుట మేలని సూచించెను. నీతి స్పష్టము: తోలు అమ్మువానికి కూలియు, వస్తువు అమ్మువానికి లాభమును దక్కును. ఈ నీతి దేశములకే గాక పేటలకును వర్తించును.

తోలును విద్యగా చేసిన మహనీయుడు మన తెలుగువాడే. 1922లో గుంటూరు జిల్లా యలవర్రు గ్రామమున వ్యవసాయ కుటుంబములో జన్మించిన డాక్టరు యలవర్తి నాయుడమ్మ, సేద్యమునుగాని సర్కారు కొలువునుగాని కోరక, తోలు శాస్త్రమును కోరెను. 1948లో మదరాసున నెలకొన్న కేంద్ర చర్మ పరిశోధనాలయమునకు 1958లో అధ్యక్షుడై ప్రపంచ ప్రసిద్ధి తెచ్చెను. పిదప దేశపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి నంతయు నడపెను. 1985 జూనులో కనిష్క విమాన విధ్వంసమున ఆయన మరణించుట తీరని నష్టము. ఆయన జీవితము చెప్పు పాఠమిది: తోలుపని ఒక కులమునకు తలవ్రాత కారాదు, ఇష్టపడిన ప్రతి బిడ్డకును విద్య కావలెను. మాదిగ బాలుడు కోరినచో దానిని విడువగలుగవలెను. రైతు బాలుడు కోరినచో దానిని చేపట్టగలుగవలెను.

ఇక చేయవలసిన దేమి? 2021లో కొత్తపేటలోని పండ్ల విపణి బాటసింగారమునకు తరలిపోయినది. దానిని ఆశ్రయించి బ్రదికిన చిన్న పనివారికి వేరు పనులు కావలెను. కోయుట, అంచు పలుచన చేయుట, కుట్టుట, బకిలు బిగించుట అను నాలుగు పనులతో ఒక చిన్న సహకార కుట్టుశాల ఇచ్చట నడవగలదు. ఇందుకు పెద్ద యంత్రములు అక్కరలేదు. శిక్షణకు దూరదేశము పోనక్కరలేదు. 2017 శాసనముచే జాతీయ ప్రాముఖ్యము పొందిన పాదరక్షల విద్యాసంస్థ ఎఫ్.డి.డి.ఐ.కి మన రాయదుర్గమున శాఖ గలదు. కొత్తపేట యువకుడు మెట్రో బండి యెక్కి అమీర్‌పేటలో మారినచో అక్కడికి చేరవచ్చును. అట్టి సంస్థ స్వల్పకాల శిక్షణ నిచ్చి, పేటలోని ముసలి పనివారిని ఉపాధ్యాయులుగా పిలిచి గౌరవింపవలెను. ఉమ్మడి రాష్ట్రమున 1973లో తోలు పరిశ్రమకై ప్రత్యేక సంస్థను స్థాపించిన ప్రభుత్వము వారికి ఈ కర్తవ్యము క్రొత్తది కాదు. గురుకుల పాఠశాలల బాలురకు వలయు పటకాలలో కొంతభాగమైనను ఇట్టి కుట్టుశాలలకు నియమించినచో, మొదటి సంవత్సరముల కష్టము తీరును. ఎదుగు బాలునికి సాగెడు పటకా మిక్కిలి తగినది గదా.

రెండు ఆక్షేపణలు వినబడును. తోలుపని నీటిని చెఱచునని మొదటిది. అది నిజము, తమిళదేశమున పాలారు నదిని తోళ్ల కార్ఖానాలు చెఱచిన వ్యాజ్యమున 1996లో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు చెప్పవలసివచ్చెను. కాని చెఱచునది పదునుచేయు పని. అది ఇండ్ల నడుమ గాక, మురుగును శుద్ధిచేయు ఏర్పాటున్న చోటనే జరుగవలెను. పటకా కుట్టుట పొడిపని. దర్జీ యంగడివలె ఇంటి ప్రక్కనే యుండవచ్చును. ధర యెక్కువగునని రెండవది. అగును. అయినను ఏటేట రెండు కొని పారవైచుటకన్న ఒకటి కొని పట్టీ మార్పించుకొనుట చౌక. పారవైచినపుడు మన సొమ్ము చెత్తకుప్పకును, మార్పించినపుడు పొరుగువాని కంచములోనికిని పోవును.

కొనువారికిని బాధ్యత గలదు. పటకా కోత అంచును చూడుడు. తోలైనచో నారలు కనబడును, నకిలీయైనచో గుడ్డపొరయు ప్లాస్టికు పొరయు వేఱువేఱుగా కనబడును. మడిచి చూడుడు, తోలు సన్నని ముడతలు పడి సర్దుకొనును. పట్టీని సాగదీసి విడువుడు. వెంటనే తన కొలతకు రావలెను. పట్టీ మార్చుటకు వీలున్నదా యని అడుగుడు. ఏ పశువు తోలు, ఏ పట్టీ, ఎవరి కుట్టు అని చీటి వ్రాసి కట్టుమని వర్తకుని కోరుడు. పదుగురు అడిగిన ప్రశ్నకు అంగడి జవాబు వెదకికొనక తప్పదు.

అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అన్న సామెత మనయందు నిజము కారాదు. తంగేడు మన బీళ్లలో పూయుచున్నది. 2014 నుండి అది తెలంగాణ రాష్ట్ర పుష్పము. పూవును బతుకమ్మపై నుంచి మ్రొక్కు మనము, ఆ చెట్టు చెక్కతో బ్రదికిన చేతికి పనియు గౌరవమును ఈయలేమా? కొత్తపేట పౌరులు, పరిసర గ్రామముల భూస్వాములు ఈ చిన్నపనికి మూలధనమును మనస్సును సమకూర్తురని ఆశించుచున్నాము.