తూటాల వానలో ఒక సందు

విశాఖలో ఓడ ఎక్కితే పోర్ట్‌బ్లెయిర్ చేరడానికి దాదాపు మూడు రోజులు. తీరం కనుమరుగైన కాసేపటికే ఫోన్లలో సిగ్నల్ పోతుంది. మొన్న అలాంటి ఓ ప్రయాణంలో, అక్కడి జంగ్లీఘాట్‌లో మేనమామ ఇంటికి వెళ్తున్న పదేళ్ళ పిల్లాడొకడు బంక్ క్లాసులో తలెత్తకుండా విమానాల ఆట ఆడుతున్నాడు. నెట్ అక్కర్లేని ఆట అది. కింద ఒక బుల్లి విమానం, పైనుంచి తూటాల వాన.

కాసేపటికి చుట్టూ నలుగురు చేరారు. "బాంబు వెయ్యరా!" అని నలభై దాటిన ఒకాయన ఉండబట్టలేక అరిచారు. "ఆగు బాబాయ్, దాస్తున్నా" అన్నాడు వాడు. మరుక్షణం విమానం పేలిపోయింది. బాంబు అలాగే మిగిలింది.

ఆ బాబాయ్ గొంతులో ఆత్రం వింటే ఆయన బాల్యం ఎక్కడ గడిచిందో చెప్పేయొచ్చు. తొంభైలలో మన ఊళ్ళలో బస్టాండు పక్కన చీకటి గదిలో వీడియో గేమ్ షాపు ఉండేది. రూపాయి బిళ్ళకి మూడు లైఫులు. అవి అయిపోయాక కూడా ఇంటికి వెళ్ళబుద్ధి కాక, పక్కవాడి భుజం మీదుగా చూస్తూ నిలబడేవాళ్ళం. ఆ ఆటలు ఎవరు చేశారని ఒక్కరమూ అడగలేదు.

చేసినవాళ్ళలో టోక్యోలోని టోవాప్లాన్ అనే కంపెనీ ఒకటి. 1984లో అందులో ఆటల విభాగం మొదలుపెట్టినవాళ్ళు, అప్పటికే మునిగిపోయిన ఓర్కా, క్రక్స్ అనే కంపెనీల నుంచి వచ్చినవాళ్ళు. మరుసటి ఏడాది 'టైగర్ హెలీ' వచ్చింది. అందులో హెలికాప్టర్‌కి అటూ ఇటూ రెండు బాంబులు. శత్రువులు నలువైపులా చుట్టుముట్టినప్పుడు ఒకటి వదిలితే చుట్టుపక్కలంతా ఖాళీ అయి, ఒక్క క్షణం ఊపిరి తీసుకోవచ్చు. ఆ తర్వాత 'ఫ్లయింగ్ షార్క్', 'ట్విన్ కోబ్రా', 'తత్సుజిన్' వరసగా వచ్చాయి. మసహిరో యుగె, తత్సుయా ఉఎమురా లాంటివాళ్ళు ప్రోగ్రామూ రాసేవారు, ఆటకి సంగీతమూ కట్టేవారు. ఇప్పుడైతే చాలా చోట్ల ఆ రెండు పనులకీ ఇద్దరు మనుషులు కాదు, రెండు జట్లు కావాలి.

ఆ బాంబు గురించి ఆలోచిస్తే ముచ్చటేస్తుంది. ఆడేవాణ్ణి ఓడిస్తేనే ఇంకో బిళ్ళ పడుతుంది, షాపువాడి బతుకు దాని మీదే. అయినా చిక్కుల్లో పడ్డవాడికి ఒక దారి ఉండాలని అక్కడెవరికో అనిపించింది. మనమేమో ఆ దారిని కూడా దాచుకుంటాం. మా ఇళ్ళలో అమ్మలు మడత విప్పని పట్టుచీరలు, చుట్టాలొస్తే తీద్దామని అటకెక్కించిన పింగాణీ కప్పులు దాచినట్టే. ఇంతకన్నా పెద్ద గండం ముందుందేమోనని దాచి, దాచి, చేతిలో బాంబు ఉండగానే లైఫ్ పోగొట్టుకోని పిల్లాడు మా వీధిలో ఒక్కడూ లేడు.

1993లో టోవాప్లాన్‌వాళ్ళు 'బాత్సుగున్' చేశారు. ఆ మరుసటి ఏడే టోవాప్లాన్ దివాలా తీసింది. మళ్ళీ అదే కథ. ఆ మనుషులు చెల్లాచెదురై, కొందరు 1994లోనే 'కేవ్' అనే కంపెనీలో చేరి 1995లో 'డొన్‌పచి' తెచ్చారు. కేవ్ ఆటల్లో తెరంతా తూటాలే. చూసేవాళ్ళకి ఇక తప్పించుకునే దారే లేదనిపిస్తుంది. కానీ దెబ్బ తగిలేది విమానం మొత్తానికి కాదు, దాని నడుమ ఉన్న చిన్న చోటికే. రెక్కల మీదుగా తూటా వెళ్ళిపోయినా ఏమీ కాదు. ఆ సంగతి ఆడగా ఆడగా తెలుస్తుంది. పాత బాంబులో ఉన్న దయ ఇక్కడ ఇంకో రూపంలో కనిపిస్తుంది.

ఆ ఓడ చేరే పోర్ట్‌బ్లెయిర్‌కి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు. అక్కడ కోర్బిన్స్ కోవ్ దారిలో, సముద్రం ఒడ్డున జపాన్ సైన్యం కట్టిన బంకర్లు ఇంకా ఉన్నాయి. 1942 మార్చి 23న దిగిన ఆ సైన్యం 1945 దాకా ఉంది. ఆ రోజుల్లో పడ్డ బాధలు ద్వీపాల్లోని పాత కుటుంబాలు మర్చిపోలేదు. నాలుగైదు దశాబ్దాలకి అదే దేశం నుంచి, ఎవరి ప్రాణమూ తీయని తూటాలు పిల్లల చేతుల్లోకి వచ్చాయి. ఓడలో ఆ పిల్లాడి చుట్టూ వినబడ్డ నవ్వులు తలుచుకుంటే ఈ మాట చాలా పెద్దదిగా తోస్తుంది.

2017లో యుగె కొత్త కంపెనీ పెట్టి, దానికి తమ పాత ఆట పేరే పెట్టుకున్నారు, తత్సుజిన్ అని. పాత టోవాప్లాన్ ఆటలు ఇప్పుడు ఆ గొడుగు కిందే ఉన్నాయి.

ఈసారి మీ ఇంట్లో పిల్లలు అలాంటి ఆట ఒకటి చివరిదాకా ఆడి గెలిస్తే, తెర మీద పేర్లు పైకి జరగడం మొదలవుతుంది. అవి పూర్తయ్యేదాకా ఫోను లాక్కోకండి. పక్కన కూర్చుని మీరూ చదవండి.