గుర్తుల చిక్కు

"యంత్రానికి వేగం చాలితే ఎంతటి లెక్కయినా తేలుతుంది." నారాయణఖేడ్‌లో నేను తెలుగు చెప్పిన బడికి మొదటి కంప్యూటరు వచ్చిన నాడు పిల్లలతో అన్న మాట ఇది. అది పొరపాటని ఇప్పుడు ఒప్పుకోవడం నా విధి.

ప్రోటాన్లు, న్యూట్రాన్లు క్వార్కులతో ఏర్పడినవి. ఆ క్వార్కులను బంధించే బలాన్ని గణించడానికి కెన్నెత్ విల్సన్ 1974లో ఒక ఉపాయం చూపారు. దేశకాలాలను గళ్ళుగా విభజించి, ఆ జాలకం మీద లెక్క వేయడమే అది. సాధ్యమైన అమరికలు లెక్కకు అందవు. కనుక అడ్తి దుకాణంలో బస్తాలోంచి గుప్పెడు జొన్నలు తీసి ధర కట్టినట్లు, తూకం ఎక్కువగల అమరికలను ఎన్నుకొని సగటు కడతారు. ప్రోటాను ద్రవ్యరాశిని 2008లో కొద్ది శాతం తేడాతో ఈ దారినే రాబట్టారు.

అయితే సూర్యుణ్ణి మించిన ద్రవ్యరాశిని పది పన్నెండు కిలోమీటర్ల వ్యాసార్ధంలో ఇముడ్చుకున్న న్యూట్రాన్ నక్షత్రపు గర్భం మాటేమిటి? పదార్థం అంతగా కిక్కిరిసినచోట అమరికల తూకం ధనసంఖ్యగా నిలవక సంకీర్ణసంఖ్య అవుతుంది. జొన్నగింజలలో కొన్ని ఋణబరువు తూగితే గుప్పెటను చూసి బస్తాను అంచనా కట్టగలమా? పెద్ద పెద్ద సంఖ్యలు పరస్పరం కొట్టివేసుకోగా మిగిలిన స్వల్పశేషమే అక్కడ జవాబు. జాలకం పెరిగినకొద్దీ శ్రమ ఘాతీయంగా పెరుగుతుంది. ఆంగ్లంలో 'సైన్ ప్రాబ్లమ్' అనే దీనిని నేను గుర్తుల చిక్కు అంటాను. దీనికి అన్ని సందర్భాలకూ చెల్లే సులభ పరిష్కారం దొరికితే, గణనశాస్త్రంలో ఎన్‌పీ అనే తరగతికి చెందిన కఠిన సమస్యలన్నీ సులభమైపోతాయని ట్రోయర్, వీజె 2005లో నిరూపించారు. యంత్రవేగం ఒక్కటే ఈ ముడిని విప్పలేదు.

ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌లో రాజీవ్ గవాయ్, సౌరేందు గుప్తా మరొక దారి పట్టారు. పదార్థమూ ప్రతిపదార్థమూ సరితూగే చోట ఈ చిక్కు లేదు. అక్కడ తేలిన ఫలితాన్ని ఆధారం చేసుకొని, టేలర్ శ్రేణి సాయంతో కొద్దికొద్దిగా సాంద్రత వైపు జరిగారు. గడపలో నిలిచి చీకటిగదిని పరికించడం వంటిది ఈ పద్ధతి. దగ్గరివి కనిపిస్తాయి, మూలనున్నవి కనిపించవు. క్వార్కులు బంధం వీడే మార్పులో వారు వెదికిన సంధిబిందువు నిజంగా ఉన్నదో లేదో నేటికీ తేలలేదు.

తమ లెక్క ఎంతవరకు నమ్మదగినదో, ఎక్కడ ఆగిపోతుందో ముందే చెప్పుకొనే ఈ నిజాయితీయే నాకు నచ్చింది. మన పాఠ్యపుస్తకాలు విజయాలనే చెబుతాయి. తెగని ముడులను కూడా తెలుగులో చెప్పాలని నా అభిప్రాయం. ఏ పల్లెబడిలోనో కూర్చున్న పిల్లకు తాను చేయదగిన పని ఇంకా మిగిలి ఉన్నదని తెలిసేది అప్పుడే.

నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. దోషాలుంటే విజ్ఞులు సవరించగలరు.