లోపలేస్తే బాగుపడతాడా?

గంజాయి కొట్టే పిలగాణ్ణి "ఓ ఆర్నెల్లు లోపలేస్తే తిక్క కుదురుతది" అనే మాట జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో తరచూ వినిపిస్తుంది. కన్నవాళ్లే అంటారు. వాళ్ల విసుగును నేను తప్పుపట్టను. ఇంట్లో సామాను అమ్ముకుని, అడ్డొస్తే అమ్మ మీదికే చెయ్యెత్తేవాడితో బతకడం ఎంత కష్టమో వాళ్లకే తెలుసు. కానీ వాళ్లు కోరుతున్నది జరిగితే కొడుకు బాగుపడడు, ఇంకా చెడతాడు.

చట్టమైనా అలా కోరడం లేదు. 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) అమ్మేవాళ్లపై కఠినంగానే ఉంటుంది: 20 కిలోల గంజాయి దాటితే పదేళ్లకు తగ్గని శిక్ష. తాగినవాడికి మాత్రం 27వ సెక్షన్ కింద ఎక్కువలో ఎక్కువ ఆర్నెల్లు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. వ్యసనపరుడైతే ఆ శిక్ష కూడా వేయకుండా, అతను ఒప్పుకుంటే, బాండు రాయించుకుని ప్రభుత్వ ఆస్పత్రికో గుర్తింపు ఉన్న కేంద్రానికో పంపమంటుంది 39వ సెక్షన్. ఏడాదిలోగా చికిత్స ఎలా సాగిందో కోర్టుకు నివేదిక రావాలి. అది బాగుంటే మూడేళ్ల దాకా బాండు మీద వదిలేయొచ్చు. తానై చికిత్సకు వచ్చి పూర్తిచేసినవాడిని అసలు విచారించనక్కర్లేదని 64ఏ చెబుతోంది. నలభై ఏళ్లుగా ఉన్న చట్టమిది. ఆ పేజీ దాకా తిప్పే వకీళ్లే తక్కువ.

కేసు అంటే జైలొక్కటే కాదు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతంలో గల్ఫ్ ఎంతో మందికి బతుకుదెరువు. క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే కోర్టు అనుమతి లేకుండా పాస్‌పోర్టు రాదు. ఒక్క చిలుం కోసం దొరికినవాడు ఏళ్ల తరబడి వాయిదాలకు తిరుగుతూ ఊళ్లోనే ఖాళీగా ఉంటాడు. పని లేని ఆ కాలంలో వాడి చుట్టూ మిగిలేది ఎవరు? లోపల పరిచయమైనవాళ్లే. (దుబాయికి పంపితే మారతాడనుకునే తండ్రులకు ఒక మాట: అక్కడి చట్టం ఇక్కడిదానికంటే కఠినం.)

చికిత్స లేకుండా మత్తును ఆపేస్తే ఏమవుతుందో తెలంగాణ ఒకసారి చూసింది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగాయి. అల్ప్రాజోలం, డైజీపాం కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్లు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ ఆస్పత్రులకు చేరారు. దుకాణాలను మూయించడం సబబే. వీళ్లను పట్టించుకునే ఏర్పాటు ముందే లేకపోవడం సబబు కాదు. జైలు గేటు కూడా చేసేది అదే, మత్తును ఆపి మనిషిని వదిలేస్తుంది.

"మరి మళ్లీ తాగితే?" అంటారు. కొందరు తాగుతారు. ఒకటికి రెండుసార్లు జారేవాళ్లూ ఉంటారు. బాండు తప్పినవాణ్ణి పిలిచి శిక్ష వేసే అధికారం కోర్టు చేతిలోనే ఉంది కదా. పైగా డాక్టరుకు లెక్క చెప్పి, కోర్టుకు నివేదిక ఇచ్చుకోవడం సుఖమైన పనేమీ కాదు. ఈ దారి మనకొక్కరికే కాదు: పోర్చుగల్ 2001 నుంచి సొంత వాడకానికి మత్తుమందు కొద్దిగా ఉంచుకున్నవాళ్లను జైలుకు కాక ఒక కమిషన్ ముందుకు పంపుతోంది. అమ్మేవాళ్లను మాత్రం అక్కడా వదలడం లేదు.

మన దగ్గర చోటు లేదనే సాకు కూడా చెల్లదు. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడి మానసిక వైద్యులనే 39వ సెక్షన్ కేసులకు బాధ్యులను చేయాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలు చికిత్సకు పంపమని పిటిషన్ వేయాలి. సిరిసిల్లలో ఇంకొకటి కూడా అడగాలి. సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడికి పొద్దున ఓపీ అంటే ఆ రోజు కూలి పోయినట్టే. రెండోవారం నుంచి రాడు. ఓపీ సాయంత్రం కూడా ఉండాలి.