కషాయం కంటే ముందు కరెంటు పొదుపు

దగ్గుకు అడ్డసరం ఆకు రసం, ఆయాసానికి తేనెతో పిప్పలి చూర్ణం మన ఇళ్లలో తరతరాలుగా వాడుకలో ఉన్న యోగాలే. వాటి గుణం తెలియనివారు లేరు. అయితే రోగకారణాన్ని విడిచిపెట్టడమే చికిత్సకు తొలిమెట్టని ఆయుర్వేదం బోధిస్తున్నది. దీనినే నిదాన పరివర్జనం అంటారు. పీల్చే గాలియే చెడుతూ ఉంటే ఔషధం ఒక్కటే ఎంతకాలమని కాపాడగలదు?

చరకసంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసం అనే అధ్యాయం ఉన్నది. ప్రకృతి, ఆహారం, వయస్సు వేరువేరుగా ఉన్న మనుషులు ఒకేసారి ఒకే వ్యాధికి ఎలా లోనవుతారని అగ్నివేశుడు ప్రశ్నిస్తాడు. వాయువు, ఉదకం, దేశం, కాలం అందరికీ ఉమ్మడి కనుక, అవి చెడినప్పుడు అందరూ రోగగ్రస్తులవుతారని ఆత్రేయుడు వివరిస్తాడు. ఈ నాలుగింటిలో కాలం చెడితే తప్పించుకోవడం అన్నిటికంటే కష్టమని కూడా హెచ్చరిస్తాడు.

నేడు ఈ నాలుగింటినీ ఒక్కసారిగా చెడగొడుతున్నది బొగ్గు. మన దేశపు విద్యుత్తులో సుమారు 70 శాతం బొగ్గు నుండే వస్తున్నది. దాని పొగలోని గంధక వాయువులు, సూక్ష్మమైన ధూళికణాలు ఊపిరితిత్తుల లోతుల వరకు చేరుతాయి. బూడిద చెరువుల నుండి ఊటలు నీటిలో కలుస్తాయి. గనులు, బూడిద గుట్టలు భూమిని ఆక్రమిస్తాయి. బొగ్గుపులుసు వాయువు వేడిని ఆకాశంలోకి పోనీయక పట్టి ఉంచి ఋతుధర్మాన్నే మారుస్తుంది. వడగాడ్పులు పెరగడం, వేసవి రాత్రులు చల్లబడకపోవడం కాలం చెడినదనడానికి నిదర్శనాలు కావా?

బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తు తయారు కావాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. కిలోకు దగ్గరగా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం వంటి చోట్ల పొగగొట్టాల నీడలో బ్రతికేవారు ఆ భారాన్ని ముందుగా మోస్తారు. దీపం మన ఇంట వెలిగితే బూడిద వారి చూరుపై రాలుతున్నది. కరెంటు బిల్లులో ఈ మూల్యం కనిపించదు.

మరి గృహస్థుడు చేయదగినది ఏమిటి? ముందు లంఘనం, తరువాత సాత్వికాహారం. ఇక్కడ లంఘనమంటే పొదుపు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే, బి.ఎల్.డి.సి. ఫ్యాను సుమారు 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగితే మిగిలేది 162 యూనిట్లు. అది సుమారు 110 కిలోల బొగ్గుతో సమానం! 60 వాట్ల పాత బల్బు పనిని 9 వాట్ల ఎల్.ఇ.డి. చేస్తుంది. ఏ.సి.ని 24 డిగ్రీల వద్ద ఉంచడం, డాబాకు వేసవికి ముందే తెల్లసున్నం వేయించడం, ఫ్రిజ్ కొనేటప్పుడు 2006లో మొదలైన నక్షత్రాల చీటీని గమనించడం కూడా ఇందులోనివే.

సాత్వికాహారం సూర్యరశ్మి. ఒక కిలోవాట్ పలకలు మన ఎండలో రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. 2024లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ నిర్ణయించారు. ముందు వాడకం తగ్గించుకున్న ఇంటికి చిన్న పలకలే సరిపోతాయి. అందుకే పొదుపుదే మొదటి స్థానమని నా అభిప్రాయం.

కర్మాగారాలు అంతగా కాలుస్తుంటే మన ఒక్క ఫ్యాను ఎంత అని కొందరు అనవచ్చు. పరిశ్రమలను, ప్రభుత్వాన్ని నిలదీయవలసిందే. కానీ ఉమ్మడి బావిలో ఇతరులు చెత్త వేస్తున్నారని మనమూ వేయము కదా! కీడని తెలిసి కూడా చేసే పనిని చరకుడు ప్రజ్ఞాపరాధం అన్నాడు. బొగ్గు చేసే కీడు మనకు తెలిసినదే. కనుక తులసి కోటకు నీరు పోసే చేతితోనే, మనుషులు లేని గదిలోని స్విచ్చిని కూడా ఆపుదాం.