విదేశాల్లో బస కోసం ఇచ్చే కార్డు వివరాలకు రక్షణ కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన ప్రాంతీయ సంచాలకులు గారికి,
భారత రిజర్వు బ్యాంకు, హైదరాబాదు.

ఆర్యా,

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లివచ్చే తల్లిదండ్రులం, సొంత ఖర్చుతో యాత్రలు చేసే మరికొందరం కలిసి చేసుకుంటున్న విన్నపం ఇది.

షెంజెన్ వీసాకు బస ఎక్కడో ముందుగానే కాగితం చూపాలి. అక్కడి చిన్న లాడ్జీలు కొన్ని గది పట్టి ఉంచడానికి ఒక ఫారం పంపుతాయి. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న సీవీవీ నింపి ఈమెయిల్లోనో వాట్సాప్‌లోనో పంపాలి. కొందరైతే కార్డుకు రెండువైపులా ఫొటో తీసి పంపమంటారు. రక్షణ లేని సందేశాల్లో నంబరు పంపకూడదనీ, చెల్లింపు ఆమోదం అయ్యాక సీవీవీ దాచుకోకూడదనీ కార్డు కంపెనీలు పెట్టుకున్న పీసీఐ డీఎస్‌ఎస్ ప్రమాణమే చెబుతోంది. ఆ మాటంటే "మా పద్ధతి ఇంతే" అంటారు. వీసా తేదీ దగ్గర పడుతుంటే పంపక ఏం చేస్తాం?

మన దేశంలో ఆన్‌లైన్ కొనుగోలుకు ఓటీపీ అడుగుతారు. 2022 అక్టోబరు నుంచి ఇక్కడి వ్యాపారులు కార్డు నంబరు దాచుకోవడానికీ వీల్లేదు. సరిహద్దు దాటితే ఈ రెండు కాపలాలూ మమ్మల్ని కాయవు. డబ్బు పోయాకే మెసేజ్ వస్తుంది.

బ్యాంకుకు వెళ్తే మీ 2017 నియమం చూపిస్తారు. తప్పు మూడోవారిదైతే, మూడు పనిదినాల్లో చెబితే మాపై భారం లేదు. వివరాలు మేమే ఇచ్చామంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మా నెత్తినే. గది కోసం లాడ్జికి రాసిచ్చిన నంబరునూ, ఫోన్లో మోసగాడికి చెప్పిన ఓటీపీనీ ఒకే గాటన కడుతున్నారు. ఖాతాదారుదే తప్పని రుజువు చేయాల్సింది బ్యాంకేనని ఆ నియమంలోనే ఉంది. కౌంటరు దగ్గర మాత్రం రుజువులు మమ్మల్నే తెమ్మంటున్నారు.

విదేశీ వాడకాన్ని ఆపుకొనే, పరిమితి పెట్టుకొనే వీలు 2020లో మీరు కల్పించినదే. మేలు చేసింది, కాదనం. అయితే ఆపి ఉంచితే లాడ్జి వాళ్ల పరీక్షలో కార్డు తిరస్కారమై గది పోతుంది. తెరిచి ఉంచితే వాళ్లు ఏ రోజు గీకుతారో తెలియదు. 2026 అక్టోబరు 1 నాటికి బ్యాంకులు సిద్ధం చేయాల్సిన విదేశీ చెల్లింపుల ధ్రువీకరణ కూడా అవతలి వ్యాపారి కోరితేనే వర్తిస్తుంది. రిసెప్షన్లో కూర్చుని మెషీన్‌పై నంబరు నొక్కే మనిషి అది కోరడు.

కాబట్టి విదేశాల్లోనూ చెల్లే, మొత్తమూ గడువూ మేమే నిర్ణయించుకొనే తాత్కాలిక కార్డు నంబరును ప్రతి బ్యాంకూ ఇచ్చేలా ఆదేశించండి. బుకింగ్ ధ్రువపత్రం చూపినవారు ఆ లాడ్జికి వివరాలివ్వడాన్ని నిర్లక్ష్యంగా లెక్కించరాదని స్పష్టం చేయండి. ఫొటో బదులు చెల్లింపు లింకు అడగాలని ప్రయాణికులకు చెప్పే సూచనలను తెలుగులోనూ బ్రాంచీల్లో పెట్టించండి.

ఇట్లు,
దిగువ సంతకాలు చేసినవారము

జతపరచినవి: లాడ్జీలు పంపిన ఫారాల నకళ్లు, కార్డు నంబర్లు కొట్టివేసినవి.